అమ్మమ్మ లేచే వేళ

చివరి వరసలో, తలుపు పక్కనున్న కుర్చీని ఏరికోరి పట్టుకుంది ఆమె. ఫోన్ వస్తే ఎవరి కాళ్ళూ తొక్కకుండా బయటికి జారుకోవచ్చు. వస్తుంది, రాక ఎక్కడికి పోతుంది, నాలుగు కొట్టాక ఆఫీసువాళ్ళకి ఇంకో దారేముంది? ఫోన్‌ని ఒళ్ళో సంచి మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోగకపోయినా వణికితే చాలు తెలిసేలా రెండు వేళ్ళు దాని మీదే ఉంచింది. మెట్లు మెట్లుగా దిగిపోయే హాలు, అడుగున బల్ల దగ్గర సన్నగొంతు ప్రొఫెసరు, ఆయన వెనక తెల్లబోర్డు, బోర్డు మీద గడియారం. ముందు వరస నుంచి ఒక్కొక్కరే లేచి తామెవరో, ఇంతకుముందు ఏం చేసేవారో, ఈ వ్యాపార చదువుకి ఎందుకొచ్చారో చెబుతున్నారు. "పెద్ద పెద్ద మాటలొద్దు, ఎందుకొచ్చారో నిజం చెప్పండి చాలు" అన్నాడాయన మొదట్లోనే. నిజమట. అడిగినంత తేలికా చెప్పడం? నోరు జారి వచ్చానండీ అని చెబితే ఈయన ఏ మొహం పెడతాడో. ఫోన్ వస్తే ఆ అవసరమే రాదు, లేచి వెళ్ళిపోతుంది, తన కుర్చీకి, తన కిటికీకి, తన పనికి. రాకపోతే మాత్రం రెండేళ్ళు ఈ మెట్ల హాల్లోనే. అందుకే ఇంకా నోట్సు పుస్తకం బయటికి తీయలేదు, ఇంట్లో అత్తగారు దానికి అట్ట వేసి మరీ ఇచ్చారు, తీస్తే ఒప్పేసుకున్నట్టు అవుతుందని ఆమె భయం.

నాలుగింటికి అమ్మమ్మ లేవాలి. లేవకూడదు కూడా. అమ్మమ్మ అంటే మనిషి కాదు, మందుల కంపెనీ కోసం వాళ్ళ ఆఫీసు రాసిపెట్టిన ప్రోగ్రాముల్లో అన్నింటికంటే పాతది, ఎవరూ దాని జోలికి పోరు గనక ఆ పేరు. రోజూ సాయంత్రం నాలుగింటికి తనంతట తనే లేచి, మందుల షాపులు పంపిన ఆర్డర్లన్నీ పోగేసి, తర్వాతి పనిరోజు పొద్దున బయల్దేరే వ్యాన్లలో దేన్లో ఏ అట్టపెట్టెలు ఎక్కించాలో తేల్చి గోదాముకి పంపుతుంది. శని, ఆదివారాలు వ్యాన్లు తిరగవు, అమ్మమ్మా పడుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని రాసింది ఆమే. ఇలాంటివి ఆఫీసుకి ఉన్న ఉమ్మడి లాగిన్‌తో నడపాలి, కానీ అది ఇచ్చే మనిషి అప్పుడు సెలవులో ఉన్నాడు, వ్యాన్లేమో ఆగేలా లేవు, సరేలే తాత్కాలికంగా నా లాగిన్‌తో నడుపుదాం అనుకుంది. తాత్కాలికం అన్నది పాతుకుపోయినంతగా ఈ లోకంలో ఇంకేదీ పాతుకుపోదు. ఆ తర్వాత పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆఫీసు మూడు భవనాలు మారింది, అమ్మమ్మ మాత్రం ఆమె పేరుతోనే లేచి ఆమె పేరుతోనే పడుకుంటోంది. పని కాగానే ఆమె ఫోన్‌కి ఓ కబురు. లోడు సిద్ధం, తప్పులు సున్నా. ప్రసవానికి ఆస్పత్రిలో ఉన్న రోజు కూడా వచ్చింది ఆ కబురు, నొప్పుల మధ్య చూసుకుని హమ్మయ్య అనుకుంది, నర్సు నవ్వింది. అప్పట్లో సరదాకి ఇంకో కబురు కూడా రాసిపెట్టింది, ఎప్పుడైనా కబుర్ల జాబితాలోంచి ఎవరి నంబరైనా తీసేస్తే వాళ్ళకి వెళ్ళడానికి. ఏం రాసిందో ఇప్పుడు గుర్తు లేదు. ఇన్నేళ్ళలో ఎవరి నంబరూ తీసింది లేదు, ఉన్నదే ఆమె ఒక్కదాని నంబరు.

శుక్రవారం సాయంత్రం ఆమె లాగిన్ మూసేశారు. ఇవాళ సోమవారం. నాలుగింటికి అమ్మమ్మ లేస్తుంది, తన పేరు చెప్పి తలుపు తడుతుంది, అలాంటి మనిషి ఇక్కడ లేదు పో అంటుంది యంత్రం. అంతే. గోదాములో అట్టపెట్టెలు అట్టపెట్టెల్లాగే ఉంటాయి.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా అంటే, చెప్పలేదు. కావాలని కాదు. పని అప్పగింతకి వాళ్ళు కేటాయించిన వారాల్లో ఏ ఫైలు ఎక్కడుందో, ఏ కస్టమరుకి ఎప్పుడు కోపం వస్తుందో, ఏ బటన్ పొరపాటున కూడా నొక్కకూడదో పూసగుచ్చినట్టు చెప్పింది. ఎదురుగా కూర్చుని విన్నది ఆఫీసులో అందరూ మతిమరుపు అని పిలిచే అమ్మాయి, బంగారంలాంటి పిల్లే గానీ పొద్దున పెట్టిన గొడుగు సాయంత్రానికి ఎక్కడుందో తెలీదు, ప్రతి మాటకీ "అక్కా, ఇంకోసారి చెప్పరూ" అనేది. మొదట్లో అమ్మమ్మ ఎవరి పేరు మీద ఉందో తనకే గుర్తు రాలేదు. గుర్తొచ్చిన రోజు నోరు తెరిచింది. తెరిచిన నోట్లోకి "అక్కా, కాఫీ తెచ్చుకుందామా" అన్న మాట వచ్చి పడింది, సరే పద అంది. తిరిగొచ్చాక చెప్పలేదు. ఆ తర్వాత రోజూ కూడా. చెప్పకపోవడం ఎంత సుఖంగా ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది. బట్టల బీరువాలో అడుగున దాచుకున్న చీరలా, ఒక్క రహస్యం, నేను లేకపోతే నడవనిది ఒక్కటైనా ఉందన్న రహస్యం.

"ఆంటీ... అదే, అక్కా, మీ పక్కన ప్లగ్గు ఉందా?" అని ఆ పక్క అమ్మాయి చార్జరు చాచింది. ఉంది. గుచ్చి ఇచ్చింది. మొన్న మొన్ననే డిగ్రీ అయినట్టుంది ఆ పిల్లకి, ముక్కు మీద మొటిమ ఇంకా ఆరలేదు. "మీరు ఉద్యోగం మానేసి వచ్చారా? అబ్బ, ఎంత ధైర్యమో!" అంది. ఆమె నవ్వింది. ధైర్యం. ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి. మూడో వరసలో ఒకడు లేచి, తండ్రికి టైల్స్ వ్యాపారం ఉందనీ దాన్ని నాలుగింతలు చేస్తాననీ చెబుతున్నాడు. వాడి గొంతులో అనుమానమన్నది లేదు. అసూయగా ఉంది వాణ్ణి చూస్తే, నిజం, వట్టి అసూయ.

ధైర్యమా, పాడా. టీమ్ లీడు కుర్చీ ఖాళీ అయినప్పుడు అది తనకే అనుకుంది, ఎవరైనా అలాగే అనుకునేవారు, కాదూ? ఇవ్వలేదు. ఇవ్వం అని కూడా అనలేదు, చూద్దాం అన్నారు, చూద్దాం చూద్దాం అంటూనే ఇద్దరు కొత్తవాళ్ళని బయటి నుంచి తెచ్చి పైన కూర్చోబెట్టారు. ఆఫీసులో అందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది దీనికి, రాజీనామా పడేయడం. పడేస్తే లోపలికి పిలుస్తారు, తలుపు వేస్తారు, మీరు లేకపోతే ఎలా అంటారు, అడిగింది ఇస్తారు, రాజీనామా చెత్తబుట్టలోకి పోతుంది. కళ్ళారా చూసింది, ఒకరికి కాదు ఇద్దరికి కాదు. కాకపోతే ఏదో ఒక కారణం రాయాలి. వేరే కంపెనీ అంటే కాగితం చూపించమంటారు, ఆమె దగ్గర లేదు. ఒంట్లో బాలేదంటే జాలిపడి నిజంగానే పంపేస్తారు. పై చదువు అంటే? సాక్ష్యం అక్కర్లేదు, మర్యాదగానూ ఉంటుంది, ఆగిపొమ్మని వాళ్ళూ బతిమాలతారు. ఎంత తెలివి! ఆ తెలివి తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకి తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

మేనేజరు ఆమెకంటే చిన్నవాడు. చదివాడు, కుర్చీలో వెనక్కి వాలాడు, మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఎంత మంచి మాట చెప్పారండీ! మీరు ఎప్పుడో అడగాల్సింది. మీలాంటివాళ్ళు ఇక్కడే పడుండకూడదు. నేను చదివిన కాలేజీలోనే చేరండి, మా ప్రొఫెసరుకి ఇప్పుడే ఫోన్ చేస్తాను" అని ఆమె ఎదురుగానే చేశాడు. చాలా మంచివాడు. అదే వచ్చిన చిక్కు, ఒక్కడైనా కాస్త చెడ్డవాడు తగిలితే ఆమె బతికిపోయేది. అది కాదండీ, నా ఉద్దేశం, అని నీళ్ళు నమిలింది. "మొహమాటపడకండి, ఇక్కడ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. మేం చూసుకుంటాం! గడువు దాటిన అప్లికేషన్‌కి గడువు పెంచారు, సిఫారసు ఉత్తరం అతనే రాశాడు, ఆమె గురించి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పని మంచి మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆ మాటల్లో సగం ముందే అని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా నాయనా అనుకుంది, బయటికి మాత్రం థాంక్స్ అంది.

సరే, పరీక్ష తప్పితే పోతుందిలే అనుకుంది. తప్పడమెంతసేపు, తప్పు జవాబుల మీద గుర్తులు పెట్టుకుంటూ పోవడమేగా. పరీక్ష హాల్లో కూర్చుంది. మొదటి లెక్కకి జవాబు రెండోదని తెలుసు, మూడోదాని మీద వేలు పెట్టింది, వేలు కదల్లేదు. తప్పని తెలిసిన దాన్ని తప్పుగా వదిలేయడం ఆమె చేతికి రాదు, ఇన్నేళ్ళూ అదే కదా పని, ఎక్కడ తప్పుందో వెతికి దాన్ని బాగుచెయ్యడం. చేయి తన దారిన తను కరెక్టు జవాబులు పెట్టుకుంటూ పోయింది, ఆమె కూర్చుని చూసింది. ఇంటర్వ్యూలో ముక్తసరిగా, ఆసక్తి లేనట్టు మాట్లాడితే అబ్బో ఎంత నిండుకుండలా ఉందీవిడ అన్నారట. మేనేజరే చెప్పాడు ఆ మాట, సంతోషం పట్టలేక.

నాలుగో వరస అయిపోవచ్చింది. గడియారం ముల్లు అక్కడే ఉంది, ఇంకాస్త పైకి పోయింది, ఏమో. ఏసీ గాలి సరిగ్గా ఆమె మెడ మీదే పడుతోంది. ఇంట్లో ఈపాటికి కూతురు స్కూలు నుంచి వచ్చి ఉంటుంది, అత్తగారు బూట్లు విప్పించి, "మీ అమ్మ ఇప్పుడు క్లాసులో ఉంటుంది, అల్లరి చెయ్యకు" అంటూ ఉంటారు, ఇక్కడికేదో వినపడుతుందన్నట్టు. రాజీనామా ఇచ్చిన సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని హాస్యంగా చెప్పాలనే అనుకుంది, ఏమండీ, ఇవాళ ఎంత తెలివితక్కువ పని చేశానో తెలుసా, అని. తలుపు తీసింది భర్త. ఆస్పత్రి లాబ్‌లో టెక్నీషియన్ ఆయన, చదువు మధ్యలో ఆపేసి ఆ పనిలో చేరినవాడు, మళ్ళీ చదువుదాం చదువుదాం అనుకుంటూనే జుట్టు నెరిసినవాడు. చదువు అన్న మాట వరకే విన్నాడు. మిగతాది విననే లేదు. "ఎన్నాళ్ళ నుంచి దాచుకున్నావోయ్ ఈ మాట?" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళు చూశాక నిజం ఇంక గొంతు దాటితే ఒట్టు. ఆ వారమే ఆయన రాత్రి డ్యూటీ అడిగి వేయించుకున్నాడు, పగలు పిల్లని చూసుకోవచ్చని. ఇప్పుడు మధ్యాహ్నం పూట కర్టెన్లు మూసుకుని నిద్రపోతాడు, నిద్రలో దవడలు బిగిస్తాడు. అత్తగారు ఆడపడుచు దగ్గర హాయిగా ఉండేవారు, అక్కడ సాయంత్రం నడక స్నేహితులు నలుగురు, ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు. అవన్నీ వదిలేసి పెట్టె సర్దుకుని దిగారు. దిగీ దిగగానే భోజనాల బల్ల ఖాళీ చేయించి దాని మీద దీపం పెట్టించారు, ఇది మా కోడలి చదువు బల్ల, ఎవరూ గిన్నెలు పెట్టకూడదని. "అత్తయ్యా, మీకెందుకింత శ్రమ" అంటే, "శ్రమేంటే పిచ్చిదానా, ఈ ఇంట్లో అందరివీ సగం సగం చదువులే, నువ్వైనా పూర్తిచెయ్, మా కళ్ళతో చూస్తాం" అన్నారు. ఇంతమంది కలిసి ఆమెని చెట్టెక్కించి, నిచ్చెన తీసేసి, కింద నిలబడి చేతులెత్తి ఆశీర్వదిస్తున్నారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు. ఏడుపొస్తుంది. అదీ స్నానాలగదిలో, కుళాయి తిప్పుకుని.

ఒకే ఒక్క దారుంది దిగడానికి. వాళ్ళు పిలవాలి. వాళ్ళే పిలిస్తే ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. గోదాములో పెద్దగా అరుపులు మొదలవుతాయి, డ్రైవర్లు వ్యాన్లకి ఆనుకుని నిలబడతారు, మందుల కంపెనీ వాళ్ళు మేనేజరుకి ఫోన్ చేస్తారు, మేనేజరు మతిమరుపు దగ్గరికి పరిగెడతాడు, ఆ పిల్ల బిక్కమొహం వేస్తుంది, అప్పుడు ఎవరికో గుర్తొస్తుంది, ఫోన్ మోగుతుంది. తను బయటికి వెళ్ళి వరండాలో నిలబడి, కంగారు పడకండి, అని మెల్లగా చెబుతుంది. మెల్లగానే చెప్పాలి. బాగుచేసి ఇస్తుంది. అప్పుడు అంటాడు, మీరు లేకపోతే మావల్ల కాదండీ, ఆ లీడు సంగతి కూడా మాట్లాడుకుందాం, తిరిగి వచ్చెయ్యండి. ఇంటికెళ్ళి అంటుంది, ఏం చెయ్యనండీ, కాళ్ళావేళ్ళా పడ్డారు. భర్త నిట్టూరుస్తాడు, అయినా లోలోపల గర్వపడతాడు. అత్తగారు బల్ల మీద మళ్ళీ గిన్నెలు పెట్టుకుంటారు. మందులు ఒక పూట ఆలస్యమైతే? ఎవరో ముసలాయన షాపుకొచ్చి, రేపు రండి అంటే తిరిగి వెళ్ళిపోతే? ఈ ఆలోచన శనివారం వచ్చింది, ఆదివారం వచ్చింది, రెండుసార్లు ఫోన్ తీసి మతిమరుపు నంబరు దాకా వెళ్ళింది, రెండుసార్లూ పెట్టేసింది. ఒక్క పూటేగా. ఆమె చెడ్డమనిషి కాదు. కానీ ఆ ఒక్క పూట ఆమెకి కావాలి, ఆకలేసినట్టు కావాలి.

అయిదో వరస. ఆరో వరసలో ఒకమ్మాయి బ్యాంకు ఉద్యోగం బోరు కొట్టి వచ్చానంటే అందరూ నవ్వారు. పెద్దముల్లు నిలువునా నిలబడింది. నాలుగు. వేళ్ళ కింద ఫోన్ మంచుముక్కలా ఉంది. లేచి ఉంటుంది అమ్మమ్మ, తలుపు తట్టి ఉంటుంది. సారీ అమ్మమ్మా, అనుకుంది, ఒక్కసారికి ఏమనుకోకు. మామూలుగా అయితే కళ్ళు నలుపుకునేంతసేపట్లో కబురు వచ్చేది. రాలేదు. రాలేదు, రాలేదు, అంటే ఆగిపోయింది. నోట్సు పుస్తకం సంచిలోంచి తీయకపోవడమే మంచిదైంది. కాళ్ళు అప్పుడే తలుపువైపు తిరిగాయి.

ఫోన్ వణికింది.

లోడు సిద్ధం. తప్పులు సున్నా.

చదివింది. మళ్ళీ చదివింది. పాత కబురేమో అని పైన తేదీ చూసింది. ఇవాళ్టిదే. ఎలా? ఏ పేరుతో లేచింది ఇది? ఆలోచన తెగకముందే ఇంకోసారి వణికింది, ఈసారి మతిమరుపు. "అక్కా, క్లాసులు మొదలయ్యాయా? అమ్మమ్మ మీ లాగిన్ మీద నడుస్తోందని పోయిన వారమే చూశాను, మీరు వెళ్ళే హడావిడిలో ఉన్నారు కదా, మిమ్మల్ని విసిగించడమెందుకని నేనే ఉమ్మడి లాగిన్‌కి మార్చేశాను. ఇవాళ చక్కగా నడిచింది, కాస్త లేటైందంతే. మీరు బెంగపెట్టుకోకండి. చదువుకునేటప్పుడు డిస్టర్బ్ అవుతారని మీ నంబరు కూడా తీసేస్తున్నా, సరేనా? బాగా చదువుకోండక్కా!" చివర ఓ పువ్వు బొమ్మ. గొడుగు ఎక్కడ పెట్టిందో తెలియని పిల్ల. ఇంకోసారి చెప్పరూ అంటూ అన్నీ రెండేసిసార్లు విన్న పిల్ల. వద్దు, నంబరు ఉండనీ, అని రాయబోయింది. ఎందుకు ఉండనీ? ఏమని రాస్తుంది? వేళ్ళు ఆగాయి.

"చివర్న కూర్చున్న మేడమ్, మీరు చెప్పండి" అన్నాడు ప్రొఫెసరు. ఎప్పుడొచ్చిందో తన వంతు. లేచి నిలబడింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి, ఎంత పసి మొహాలో. నిజం చెప్పండి చాలు అన్నాడు కదా ఈయన. చెప్పేద్దామా? ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, చెబితే మాత్రం ఏమైపోతుంది? నోరు తెరిచింది. "సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేదాన్నండీ" అంది. మిగతా మాట కోసం లోపల వెతుక్కుంది, భర్త తడికళ్ళూ అత్తగారి దీపమూ తప్ప ఇంకేమీ తగల్లేదు. "ఎప్పటినుంచో నా కోరిక అండీ, చదువుకోవాలని. ఇప్పటికి కుదిరింది." పక్క అమ్మాయి ముందుగా చప్పట్లు కొట్టింది, ఆ తర్వాత హాలంతా కొట్టింది. వీడ్కోలు రోజు కేకు కోసినప్పుడు కూడా ఇలాగే కొట్టారు. ఇన్ని చప్పట్లు పడ్డ మాటని ఇక ఎవరి దగ్గరా వెనక్కి తీసుకోవడం కుదరదు, ఆయన దగ్గరా, అత్తయ్య దగ్గరా, చివరికి తన దగ్గరా. కూర్చుంది.

ఒళ్ళో మళ్ళీ వణికింది. మీ నంబరు తీసేశాం. ఇకపై కబుర్లు రావు. ఇన్నాళ్ళూ మా అమ్మమ్మని కనిపెట్టుకుని ఉన్నందుకు థాంక్స్. హాయిగా ఉండండి.

ఇదా తను రాసింది! అప్పుడు తనకెన్నేళ్ళని, నవ్వుకుంటూ రాసి ఉంటుంది, ఎవరో ఎప్పుడో చదువుతారని, ఎవరో ముసలాళ్ళు రిటైరై వెళ్ళిపోతూ చదువుకుంటారని. తప్పేమైనా ఉందా అని అలవాటు కొద్దీ అక్షరం అక్షరం చూసింది. ఒక్కటీ లేదు.

తలుపు కిర్రుమంది. ఆలస్యంగా వచ్చిన కుర్రాడొకడు వగర్చుకుంటూ నిలబడ్డాడు. "మేడమ్, కొంచెం లోపలికి జరుగుతారా?" అన్నాడు గుసగుసగా. ఆమె సంచి తీసుకుని, తలుపు పక్క కుర్చీ అతనికి వదిలేసి, లోపలికి జరిగి కూర్చుంది. కింద ప్రొఫెసరు బోర్డు తుడుస్తున్నాడు. అత్తగారు అట్ట వేసిన పుస్తకం బయటికి తీసింది.